మామ్మ ఆనుకున్న గోడ

ఆ సందెవేళ పాలగెడ్డలో ఎరకయ్య ఇంట్లో ఎవరెవరు ఉన్నారంటే: మిరియాల తోట నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్న ఎరకయ్య, వంటింట్లో పొయ్యి మీద చోడి అంబలి కలుపుతున్న అతని భార్య కాసులమ్మ, పీట మీద గోడకు వీపు ఆనించి కూర్చున్న అతని తల్లి సిమ్మాలమ్మ, తొట్టిలో చెంబు ముంచుతున్న కూతురు పైడితల్లి, ప్రయోగశాల నుంచి వచ్చి చెప్పులు గుమ్మం బయట విడిచి చాప మీద మొహమాటంగా కూర్చున్న సుభాషిణి మేడం. బుట్ట కింద రెండు కోడిపెట్టలు. వీళ్లు కాక పడమటి గోడ. మామూలు ఇళ్లలో అయితే గోడను ఉన్నవాళ్లలో కలపరు. ఆ గోడకు మాత్రం ప్రాణం ఉంది.

పాలగెడ్డ చలి సంగతి కింద ఊళ్ల వాళ్లకు చెప్తే నవ్వుతారు. పుష్యమాసంలో తెల్లవారి లేచి చూస్తే గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు కనిపిస్తుంది. కుండలో నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయి. గోడకు ప్రాణం రాకముందు ఎరకయ్య ఇంట్లో చలికాలమంటే దెబ్బలాటల కాలం. కట్టెల కోసం ఒక దెబ్బలాట, కరెంటు కోసం ఒకటి, నీళ్ల కోసం ఇంకొకటి. కట్టెలకు కాసులమ్మ కొండెక్కాలి, దిగేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. గెడ్డలో పారే నీళ్లు ఇంటిదాకా రావాలంటే మోటారు వెయ్యాలి. స్నానానికి బకెట్లో హీటరు కడ్డీ పెట్టాలి. ఎంత పెడితే అంత కరెంటు బిల్లు. బిల్లు కాగితం మేకుకు గుచ్చి ఉండేది. దాని ముందు నుంచి నడిచేటప్పుడు కాసులమ్మ తల తిప్పుకునేది.

ఒక్క బకెట్టే కాగేది. అందులో ముందు ఎవరు పోసుకోవాలన్నది రోజూ పంచాయితీ. ఆఖరివాళ్లకు దక్కేవి గోరువెచ్చని నురగనీళ్లే. అన్నాలప్పుడు ఎరకయ్య బల్బు ఆర్పేసేవాడు. కంచం కనపడడం లేదని ఎవరైనా గొణిగితే నోరెక్కడుందో చెయ్యికి తెలియదా అనేవాడు. దానికి సిమ్మాలమ్మ ఊరుకునేది కాదు.

"నీ నోరు సీకట్లో కూడా ఇనపడతాది లేరా" అనేది.

అందరూ నవ్వేవారు. నవ్వినంతసేపు చలి తెలిసేది కాదు.

అలాంటి ఇంటికి సుభాషిణి మేడం నాచు తెచ్చింది. ఘాట్ రోడ్డు మలుపులో ఉన్న ప్రయోగశాలలో ఆమె మొక్కల మీద పని చేస్తుంది. ఒక చలికాలం పొద్దున జలపాతం దగ్గర రాళ్ల మీద ఆవిరి లేవడం చూసింది. చుట్టూ మంచు ఉంటే ఆ రాళ్లు మాత్రం దూడ పడుకుని లేచిన చోటులా వెచ్చగా ఉన్నాయి. రాళ్లు కాదు, వాటి మీద పట్టిన నాచు వెచ్చగా ఉంది. దాన్ని తీసుకెళ్లి గాజు తొట్లలో పెంచింది, ఇంకో వేడినీటి జీవితో కలిపింది, చాలా ఏళ్లు దానితోనే బతికింది. చివరికి గోడకు పట్టే నాచు తయారైంది. పగలు బయటి వైపు ఎండ తాగి లోపల తీపిగా దాచుకుంటుంది. చలి తగలగానే ఆ తీపిని కరిగించుకుని ఇంట్లోకి వేడి వదులుతుంది. పొగమంచును పీల్చి గోడ అడుగున కట్టిన సిమెంటు తొట్టిలోకి చుక్క చుక్కగా నీళ్లు విడుస్తుంది, అవీ గోరువెచ్చగా. కట్టె అక్కర్లేదు, కడ్డీ అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు.

మొదట ఒక్క ఇంట్లో పెట్టి చూడాలి. ఎరకయ్య ఇంటి పడమటి గోడకు మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఎండ తగులుతుందని ఆ ఇల్లు ఎంచుకుంది. ఆకుపచ్చ ముద్దను మేడం వేళ్లతో అద్దుతూ ఉంటే కాసులమ్మ కాసేపు చూసి, ఇలాగైతే ఉగాదికి కూడా అవదని కొంగు దోపుకుని, పేడతో ఇల్లు అలికినట్టు గోడంతా లోపలా బయటా అలికేసింది. మేడం పక్కన కూర్చుని జాగ్రత్తలు చెప్పింది. గోడకు సున్నం తగలకూడదు. పొగ పెట్టకూడదు. రాత్రుళ్లు తలుపులు వేసి ఉంచాలి, వేసుకుంటారు కదా అని అడిగింది.

"ఏసుకోకపోతే ఎలుగొచ్చి పక్కన తొంగుంటాది మేడం" అన్నాడు ఎరకయ్య.

మేడం నవ్వి, సరే అనుకుంది. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఆ చలికాలం ఆ ఇంట్లో దెబ్బలాటలు లేవు. అందరికీ సరిపడా వేణ్నీళ్లు. అన్నాల దగ్గర బల్బు వెలిగేది. కొత్త బిల్లు వచ్చినప్పుడు మీటరు చూసే అతను నమ్మలేక మీటరును వేలితో కొట్టి చూశాడు. ఎరకయ్య ఆ కాగితాన్ని టీ కొట్టుకు పట్టుకెళ్లి పెళ్లి శుభలేఖలా అందరికీ చూపించాడు. చూసినవాళ్లంతా మేడం దగ్గర పేర్లు రాయించుకున్నారు. వంటకు తోటలో రాలిన పుల్లలే సరిపోవడంతో కాసులమ్మ కట్టెల కత్తిని అటక మీద పెట్టేసింది.

అందరిలోకీ గోడను ఎక్కువ ఇష్టపడింది సిమ్మాలమ్మ. పైడితల్లికి ఆమె మామ్మ. దీపాల వేళ పీట లాక్కుని గోడకు వీపు ఆనించి కూర్చుంటే అన్నాల దాకా లేచేది కాదు. చచ్చిన ముసలాయన కూడా ఇంత వెచ్చగా ఉండేవాడు కాదని అనేది. ఆమె వీపు ఆనిన చోట నాచు మిగతా గోడకన్నా దట్టంగా, ముదురు ఆకుపచ్చగా పెరిగింది. మామ్మ లేచాక చూస్తే భుజాలు, నడుము వంపు, ముడి వేసిన కొప్పు, అన్నీ గోడ మీద అచ్చు పోసినట్టు ఉండేవి. వీధి వాకిలికి ఎదురుగా ఉన్న మేర మాత్రం పసుపు తిరిగింది. గోడకు మామ్మంటే ఇష్టమని పైడితల్లి మురిసిపోయింది. మేడం కూడా ఆ అచ్చును ఫొటో తీసుకుంది.

మాఘం వచ్చేసరికి మామ్మ తిట్లు తగ్గాయి. తిట్లు లేకపోతే ఆ ఇంట్లో పొద్దు పొడవదు. పొద్దున్నే కోళ్లను, తర్వాత కొడుకును, మధ్యాహ్నానికి పంచాయితీ ప్రెసిడెంటును, వరసగా అందరినీ తిట్టేది. ఒకరోజు కాసులమ్మను తిట్టబోయి సగంలో ఆగిపోయింది. మిగతా సగం ఏమిటో గుర్తు రానట్టు పొయ్యి వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ సగం తిట్టుకే కాసులమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. నర్సమ్మ వచ్చి థర్మామీటరు పెట్టి చూసి, దులిపి, మళ్లీ పెట్టి, ఇది పాడైనట్టుందని సంచిలో వేసుకుంది. జ్వరం లేదు, వయసు మీద పడింది, రక్తం తక్కువ, అంతేనని బిళ్లలు ఇచ్చింది. మామ్మ బిళ్లలు మింగి, చలిగా ఉందని, గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

పైడితల్లి బడిలో నోరు తెరవని పిల్ల. మేడం వచ్చినప్పుడల్లా తలుపు చాటుకు పోయేది. మేడం ఏదైనా అడిగితే తలతో జవాబు చెప్పేది. చెప్పాలనుకున్న మాటలు ఆమె లోపల బోలెడు ఉండేవి, గొంతు దాకా వచ్చి వెనక్కి పోయేవి. కానీ మాట్లాడని వాళ్లకు చూసే తీరిక ఎక్కువ. మామ్మ తిట్లు తగ్గడం, గోడ మీద మామ్మ అచ్చు ముదరడం ఒకేసారి మొదలయ్యాయని ఆమెకు తోచింది. తోచింది గాని ఆ రెండింటికీ ఏమిటి సంబంధమో తెలియలేదు. తెలియని మాట ఎవరితో అంటుంది?

అదిగో, ఆ సందెవేళ. కాసులమ్మ చేతులు కడుక్కుని దీపం వెలిగించింది. పెరటి తలుపు గడియ పెట్టింది. వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది. దీపాల వేళ లక్ష్మీదేవి వీధి గుమ్మంలోంచి వస్తుంది, పెరటి గుమ్మంలోంచి పోకుండా ఆ తలుపు మూసి ఉంచాలి. సిమ్మాలమ్మ కొత్తకోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో అది తప్పలేదు. తెరిచిన వాకిట్లోంచి పొగమంచు తప్పిపోయిన దూడలా నెమ్మదిగా లోపలికి వచ్చింది. మేడం శాలువా దగ్గరగా లాక్కుంది.

పైడితల్లి గ్లాసుతో మామ్మకు నీళ్లు అందించింది. మామ్మ వేళ్లు గ్లాసు చుట్టూ మూసుకోలేదు. గ్లాసు జారి ఒళ్లో పడింది. మామ్మ దానివైపు చూసింది గాని పడిందని తెలిసినట్టు లేదు. చీర తడిసినా తిట్టలేదు. పైడితల్లి ఒక చెయ్యి గోడకు, మామ్మ భుజం పక్కన ఆన్చి వంగి, రెండో చేత్తో కొంగు పట్టి తడి తుడిచింది. తుడిచి, తుడిచి, మామ్మ ఏదో ఒకటి అంటుందేమోనని ఆగింది. అనలేదు. మళ్లీ నీళ్లు తేవాలని తొట్టిలో చెయ్యి పెట్టింది.

నీళ్లు చుర్రుమన్నాయి. చెయ్యి వెనక్కి లాక్కుంది. రెండో చెయ్యి పెట్టింది. గోరువెచ్చగానే ఉన్నాయి, రోజూలాగే. మళ్లీ మొదటి చెయ్యి పెట్టింది. మళ్లీ చుర్రుమంది. ఒకటే తొట్టి, ఒకటే నీళ్లు. అప్పుడు రెండు చేతులూ ఎత్తి బుగ్గలకు ఆనించుకుంది. గోడకు ఆన్చిన చెయ్యి మంచుగడ్డలా ఉంది. చలిగా ఉన్నట్టు ఆ చేతికే తెలియలేదు. గోడ మీద ఉన్నంతసేపూ అది హాయిగా, వెచ్చగానే అనిపించింది.

పైడితల్లి మామ్మ వైపు చూసింది. మామ్మ వీపంతా గోడకు ఉంది.

"మేడం," అంది. ఆ గొంతు ఎవరిదా అని కాసులమ్మ తిరిగి చూసింది. "మీ చెయ్యి ఇక్కడ పెట్టండి. పెట్టి, తర్వాత నీళ్లలో పెట్టండి."

మేడం చాప మీద నుంచి లేచింది. మామ్మ పక్కన, ముదురు పచ్చగా ఉన్నచోట చెయ్యి పెట్టింది. కాసేపుంచి తొట్టిలో ముంచింది. ఆమె మొహంలో రంగు పోయింది. సంచిలోంచి వేడి కొలిచే పరికరం తీసి గోడకు చూపించింది, తర్వాత మామ్మ మెడకు చూపించింది. గోడకన్నా మామ్మ చల్లగా ఉంది.

"లేపండి. ఆమెను గోడ నుంచి తీసెయ్యండి, తొందరగా."

ఎరకయ్య తల్లిని చంటిపిల్లలా ఎత్తుకున్నాడు. వీపు గోడ నుంచి వస్తుంటే తడి గుడ్డ ఊడదీసినట్టు చప్పుడైంది. ఆమె రవిక వెనకంతా సన్నని ఆకుపచ్చ పోగులు అంటుకుని ఉన్నాయి. వంటింట్లోకి తీసుకెళ్లి, తడి బట్టలు మార్చి, కంబళ్లు కప్పి పడుకోబెట్టారు. మేడం ఫోనులో డాక్టరుతో మాట్లాడింది. మంచులో అంబులెన్సు ఘాట్ ఎక్కడానికి చాలా సేపు పడుతుంది, ఈలోగా మెల్లగా వెచ్చబెట్టండి, మంట దగ్గర పెట్టకండి, చేతులూ కాళ్లూ రుద్దకండి, పక్కన మనుషులు పడుకోండి అన్నాడు ఆయన. కాసులమ్మ అత్తను ముందు నుంచి, పైడితల్లి వెనక నుంచి పొదువుకుని పడుకున్నారు. మామ్మ వీపు పైడితల్లి పొట్టకు నేలలా తగిలింది. చిన్నప్పుడు చలికి తానే ఆ వీపును కరుచుకుని పడుకునేది. అప్పుడు ఆ వీపు నుంచి పొయ్యి వెనక గోడలా వేడి వచ్చేది. అదంతా ఇప్పుడు ఆ పడమటి గోడలో ఉంది.

మేడం వంటింటి గుమ్మంలో నిలబడి ముందుగది వైపు చూస్తోంది. పొగమంచు ఇంకా లోపలికి వస్తోంది. దీపం రెపరెపలాడుతోంది.

"ఈ తలుపు రోజూ ఇలాగే తెరిచి ఉంటుందా?" అంది.

"రాత్రయితే ఏసేస్తాం మేడం," అంది కాసులమ్మ కంబళి కిందనుంచి. "ఇది దీపాల ఏల గదా."

మేడం తనలో తాను అనుకుంటున్నట్టు, "నేను రాత్రి గురించే అడిగాను" అంది.

ఆమె చెప్పగా ఇంట్లో వాళ్లకు అర్థమైంది ఇది. పగలంతా దాచుకున్న తీపి రాత్రికి సరిపడాలి. రోజూ సందెవేళ బార్లా తెరిచిన వాకిలికి వేడి పోసి పోసి నాచు ముందే ఖాళీ అయిపోతోంది. ఖాళీ అయిన నాచు చచ్చిపోదు. తనను తాకి ఉన్నవాటిలో ఏది వెచ్చగా ఉంటే దాని నుంచి లాక్కుంటుంది. లాక్కున్నంతసేపు తాకిన చోటు వెచ్చగానే ఉంటుంది. మామ్మకు తెలిసిన వెచ్చదనం మామ్మదే.

కంబళ్ల కింద ఎంతసేపు గడిచిందో పైడితల్లికి తెలియదు. మొదట మామ్మ కాళ్లు వణికాయి. వణుకు మంచిదేనన్నాడట డాక్టరు. తర్వాత ఒళ్లంతా వణికింది. ఆ తర్వాత వణుకు తగ్గి ఊపిరి గట్టిగా వినిపించింది. పైడితల్లి మొహం మామ్మ మెడ వెనక పెట్టి, గోడకు చేరిందంతా తన నుంచి పోసేద్దామన్నట్టు గట్టిగా హత్తుకుంది.

"ఎవులే నా మీద పడ్డాది?" అంది మామ్మ. "ఊపిరాడనేదు. ఎద్దులాగున్నాది గుంట. పక్కకి జరగే."

కాసులమ్మ నవ్వబోయి ఏడ్చింది. ఎరకయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. అంబులెన్సు వచ్చేసరికి మామ్మ లేచి కూర్చుని, తనకు పెట్టిన అంబలిలో ఉప్పు తక్కువైందని కోడలిని తిడుతోంది. ఈసారి తిట్టు చివరిదాకా వెళ్లింది. అంబులెన్సులో వచ్చిన డాక్టరు చూసి, గండం గడిచింది, కొన్నాళ్లు కనిపెట్టి ఉండమన్నాడు.

తర్వాత ఎరకయ్య కూతురిని బండి మీద ప్రయోగశాలకు తీసుకెళ్లాడు. మేడం కబురు పెట్టింది. అక్కడ అద్దాల పెట్టెలో బొమ్మరిల్లు లాంటిది ఉంది, దానికి నాచు గోడ, అగ్గిపెట్టెంత తలుపు. గోడకు ఆన్చి వేడినీళ్ల బుడ్డి ఒకటి ఉంది. మేడం తలుపు తెరిచి చల్లగాలి వదిలింది. బుడ్డిలో నీళ్లు చల్లబడడం, బుడ్డి ఆనిన చోట నాచు ముదురు పచ్చగా మారడం ముగ్గురూ చూశారు. ఇంకో పెట్టెలో తలుపు మూసి ఉంది. అందులో బుడ్డి వెచ్చగానే ఉంది, నాచు అంతా ఒకే రంగులో ఉంది.

"ఇక్కడ ఎప్పుడూ దానికి ఎవరూ ఆనుకోలేదు," అంది మేడం. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. "అది దొంగ కాదు, ఎరకయ్యగారూ. ఆకలేసింది. కానీ ఆకలేస్తే మనిషిని తింటుందని నాకు తెలియలేదు. పేర్లు రాసినవాళ్లలో ఎవరికీ ఇవ్వనని చెప్పేశాను. రేపు సాయంత్రం వచ్చి మీ గోడ గీకేస్తాను."

ఎరకయ్య తల వంచుకున్నాడు. గీకేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. కొండ, కట్టెలు, కడ్డీ, మేకుకు గుచ్చిన కాగితం. వద్దందామంటే తల్లి కళ్ల ముందు మెదులుతోంది.

పైడితల్లి మూసిన తలుపు పెట్టె వైపే చూస్తోంది. గొంతు దాకా వచ్చిన మాట వెనక్కి పోకుండా పట్టుకుంది.

"తలుపు ఏస్తే చాలదా, మేడం?"

మేడం ఆ పిల్ల ఎత్తుకు వంగింది. చాలు, అంది. సందెవేళ తలుపు మూసి, ఎవరూ తాకకుండా గోడ ముందు తడిక కడితే నాచుకు ఎవరి నుంచీ లాక్కోవలసిన అవసరం రాదు. "కానీ మీ ఇంటి తలుపు ఎప్పుడు మూయాలో చెప్పడానికి నేనెవరిని? మీ దీపం, మీ గుమ్మం. అది మీ మామ్మ చెప్పాలి."

మామ్మ చెప్పనే చెప్పింది. దీపాల వేళ తలుపు మూస్తే తన పాడె లేచాకే మూయాలని. అత్త తనకు చెప్పింది, అత్తకు ఆమె అత్త చెప్పింది, ఇప్పుడు పాచి కోసం లక్ష్మీదేవి మొహాన తలుపు వేస్తారా అని. అలాగైతే గోడ గీకించేస్తానని ఎరకయ్య అన్నాడు. గీకించుకో, నాకేటి అంది మామ్మ. తల్లీకొడుకులు ఇద్దరూ చెరో వైపు తిరిగి కూర్చున్నారు.

కాసులమ్మ అటక ఎక్కి కట్టెల కత్తి దించింది. పెరట్లో రాయి మీద నూరింది. పాత చీర చింపి తలకు పెట్టుకునే చుట్ట చుట్టింది. తర్వాత గుమ్మంలో కూర్చుని, రేపటి కోసం అన్నట్టు ఒక మోకాలు చేత్తో నొక్కి చూసుకుంది. మామ్మ కంబళిలోంచి ఆ పనులన్నీ చూస్తూనే ఉంది.

"నొప్పేటే?" అంది.

"ఈ సలికాలం నేదు అత్తా" అంది కాసులమ్మ, కత్తి అంచు వేలితో చూసుకుంటూ.

మామ్మ కోడలి మోకాలి వైపే చూస్తూ పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మామ్మ లేచి, ఎవరు వద్దన్నా వినకుండా పెరట్లో కూర్చుని, ఎప్పుడో మూలన పడేసిన లాంతరు గాజు తీసి బూడిద పెట్టి తోమింది. పైడితల్లి తోముతానంటే నీ చేతులకు పనిరాదని తిట్టింది. ఆ తిట్టు చెవికి ఎంత చల్లగా ఉందో పైడితల్లి ఎవరికీ చెప్పలేదు. గాజు ఎందుకని ఎరకయ్య అడిగితే, నీ మొహం చూసుకోవడానికి అంది మామ్మ. ఎరకయ్య గోడ ముందు కట్టడానికి వెదురు తడిక అల్లుతూ కూర్చున్నాడు. గీకేసే గోడకు తడిక ఎందుకో అతనికే తెలియదు. చేతులు ఊరుకోలేదంతే.

సాయంత్రానికి సుభాషిణి మేడం వచ్చింది. సంచిలో తాపీ ఉంది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఒకసారి గోడ దగ్గరకు వెళ్లి నిలబడింది. తాకలేదు. మామ్మ అచ్చు ఇంకా అక్కడే ఉంది, కాస్త లేతబడింది. ఎరకయ్య తడిక పట్టుకుని ఒక పక్క, కాసులమ్మ కత్తి పట్టుకుని ఒక పక్క. ఎవరు ముందు మాట్లాడతారా అని అందరూ చూస్తున్నారు.

మామ్మ ఎవరివైపూ చూడలేదు. పీట మీద నుంచి లేచింది. చెయ్యి ఇవ్వబోయిన కొడుకు చేతిని తోసేసింది. దీపం వెలిగించింది. పెరటి తలుపు గడియ పెట్టింది. ఒక చేత దీపం, ఒక చేత తోమిన గాజు పట్టుకుని వీధి గుమ్మం దాటి అరుగు మీదికి వెళ్లింది. పైడితల్లి వెంట పరిగెత్తింది. అరుగు చివర గోడలో ఉన్న చిన్న గూట్లో మామ్మ దీపం పెట్టి, దాని చుట్టూ గాజు నిలబెట్టింది. మంచు గాలి ఒకసారి వచ్చి గాజును తాకి పోయింది. దీపం కదలలేదు.

మామ్మ రెండు చేతులూ జోడించింది.

"తల్లీ, దీపం ఇక్కడున్నాది. ఇల్లు ఇదే, మరిసిపోకు. నీకూ సలేస్తాది గదా. వొచ్చి తలుపు తట్టు, నాను తీస్తాను. ఇన్నేళ్లు నీ కోసం తెరిసే ఉంచినాను, ఒకపాలి తట్టడానికి నీకేటి?"

లోపల సంచిలో తాపీ వెనక్కి పడిన చప్పుడు వినిపించింది. ఎరకయ్య తడికను గోడకు చేర్చి తాడు బిగిస్తున్నాడు. కాసులమ్మ కత్తి ఎక్కడ పెట్టిందో మరి, ఆమె చేతులు ఖాళీగా, బుగ్గల మీద ఉన్నాయి. పైడితల్లి ఒళ్లంతా ఒక్కసారిగా తేలికైంది. చాలా రోజులుగా ఊపిరి సగమే తీస్తున్నానని ఆమెకు అప్పుడే తెలిసింది.

మామ్మ గుమ్మంలోకి వెళ్లింది. పైడితల్లి గూటిలో దీపాన్ని, వీధిలో పేరుకుంటున్న మంచును, మంచులో చిన్న పసుపు గుండ్రాన్ని చూస్తూ అరుగు మీదే నిలబడిపోయింది.

"గుంటా, వొస్తే నోపలికి రా, నేకపోతే ఆడే ఉండు. ఇంట్లో యేడి అంతా పోతన్నాది."

"వస్తున్నా మామ్మా. ఒక్కసారి దీపం..."

మామ్మ ఆగలేదు. నిన్నగాక మొన్న గ్లాసు పట్టుకోలేని ఆ చేతులు తలుపు రెక్కలు రెండూ పట్టుకుని, పైడితల్లి ముక్కు ముందే దఢాలున మూసేశాయి.